ఎర్ర కామెట్ – ఒక జీర్ణోద్ధరణపై విమర్శ

పాడుబడినదాన్ని బాగుచేసి మళ్ళీ నిలబెట్టడాన్ని మనవాళ్ళు జీర్ణోద్ధరణ అన్నారు. గుళ్ళకే ఎక్కువగా వాడే ఈ మాటను ఒక విమానానికి వాడినా తప్పులేదు. బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని ఓల్డ్ వార్డెన్‌లో, షటిల్‌వర్త్ కలెక్షన్‌వారి దగ్గర ఉన్న డి హావిలాండ్ కామెట్ అలాంటిదే. ముక్కు మీద ‘గ్రోవనర్ హౌస్’ అన్న పేరుతో, ఎర్రగా నిగనిగలాడుతూ ఉంటుంది. పనితనంలో వేలెత్తి చూపవలసింది లేదు. నా పేచీ ఆ పేరుతోనే.

మెల్‌బోర్న్ నగర శతాబ్ది సందర్భంగా అక్కడి మిఠాయిల వ్యాపారి మాక్‌ఫర్సన్ రాబర్ట్‌సన్ 1934లో ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకు విమాన పందెం పెట్టాడు. డి హావిలాండ్ కంపెనీ ఆ పందెం కోసమే ఒక్కొక్కటి 5,000 పౌన్లకు మూడు కామెట్లు కట్టింది. కట్టింది కర్రతో. ప్రొపెల్లరు కోణం మారడానికి దాని మధ్యలో ఉన్న గాలితిత్తిని బయలుదేరేముందు సైకిలు పంపుతో నింపేవారట! మూడింటిలో ఒకటి గ్రోవనర్ హౌస్ హోటలు అధిపతి ఎ. ఓ. ఎడ్వర్డ్స్‌ది. అక్టోబరు 20న మిల్డెన్‌హాల్‌లో లేచి, బాగ్దాదు, అలహాబాదు, సింగపూరు మీదుగా, స్కాట్, కాంప్‌బెల్ బ్లాక్ దాన్ని సుమారు 71 గంటల్లో మెల్‌బోర్న్ చేర్చి గెలిచారు. మాలిసన్ దంపతుల నల్ల కామెట్ అలహాబాదులోనే ఆగిపోయింది.

కథ ఇక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటు. గెలిచిన విమానాన్ని బ్రిటిష్ వైమానిక శాఖ తీసుకుంది. వెండిరంగు పూసి, కె 5084 అని నంబరు వేసి పరీక్షలు చేసింది. బరువుగా దిగి దెబ్బతిన్నాక తుక్కు కింద అమ్మేసింది. మూడేళ్ళు తిరక్కుండానే జగజ్జేత గతి అది!

ఆ తుక్కును కొన్నవాడు ఎఫ్. ఇ. టాస్కర్. గ్రేవ్‌సెండ్‌లో ఎసెక్స్ ఏరో అనే చిన్న సంస్థ దాన్ని మళ్ళీ ఎగిరేటట్టు చేసింది. పందెంనాటి ఇంజన్లు పోయి, జిప్సీ సిక్స్ రెండో శ్రేణి ఇంజన్లు వచ్చాయి. 1937లో ‘ది ఆర్ఫన్’, అంటే అనాథ, అన్న పేరుతో ఇస్త్రే–డమాస్కస్–పారిస్ పందెంలో నాలుగో స్థానం తెచ్చుకుంది. అదే ఏడాది నవంబరులో ఒక కోట్ల కంపెనీ పేరు పెట్టుకుని ‘ది బర్బెరీ’ అయింది. క్లౌస్టన్, బెట్టీ కిర్బీ-గ్రీన్ దానిమీద కేప్‌టౌన్‌కు వెళ్ళివచ్చి రికార్డు స్థాపించారు. 1938లో క్లౌస్టన్, రికెట్స్ న్యూజీలాండుకు వెళ్ళి, పదకొండు రోజులు నిండకముందే తిరిగివచ్చారు. తరువాత యుద్ధం. విమానం గ్రేవ్‌సెండ్‌లో ఒక మూల పడివుంది.

1951లో ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్ కోసం డి హావిలాండ్‌వారు దాన్ని మళ్ళీ ముస్తాబు చేశారు. అది చూపుకే, ఎగరడానికి కాదు. బొమ్మల కొలువులో బొమ్మ వంటిది. 1965లో షటిల్‌వర్త్‌వారి చేతికి వచ్చింది. వారు ఎంచుకున్నది కష్టమైన దారి: ఎగరాలి. ఏళ్ళ తరబడి పని జరిగి 1987లో ఎగిరింది. 2002లో చక్రాల కాలు విరిగింది. మళ్ళీ ఎగిరింది 2014లో. ఇంత విలువైనదాన్ని ఎగరేసి ప్రమాదంలో పెట్టడమెందుకని అడిగేవారున్నారు. ఎగరడానికి పుట్టినదాన్ని తాడుకట్టి వేలాడదీస్తే మిగిలేది ఆకారమే. కట్టినవాళ్ళ తెలివి, నడిపినవాళ్ళ ధైర్యం గాలిలోనే తెలుస్తాయి. ఈ విషయంలో నేను షటిల్‌వర్త్‌వారి పక్షమే.

ఒప్పుకోలేనిది మరొకటి. ఎనభై ఏళ్ళు దాటిన జీవితంలో ఆ మూడు రోజులనే ఎంచుకుని, ఆనాటి రంగూ, ఆనాటి యజమాని హోటలు పేరూ తొడిగారు. ఎర్రరంగు 1934ది, నిజమే. కాని ఆ పందెం ఇంజన్లు 1937కే లేవు. కర్రా ఇనుమూ ఒక చరిత్ర చెబుతుంటే, పూత మరొకటి చెబుతోంది. ఎడ్వర్డ్స్ గెలుపుకు డబ్బు పెట్టాడు. టాస్కర్ ఓడిపోయి తుక్కులో పడినదానికి డబ్బు పెట్టాడు. వీరిలో ఎవరు లేకపోయినా ఈ విమానం మనకు దక్కేది కాదు. పేరు మాత్రం మొదటివాడికే దక్కింది.

మన ద్రాక్షారామం సంగతి చూడండి. గుడి కట్టించినవారితో సరిపెట్టక, తరువాతి కాలంలో అఖండదీపానికి గొర్రెలనిచ్చినవాళ్ళ పేర్లు కూడా రాళ్ళమీద చెక్కారు. అలాంటి శాసనాలు అక్కడ వందలున్నాయి. కట్టడం ఒకరి పుణ్యం, నిలబెట్టడం పదిమంది పుణ్యం అన్న లెక్క అందులో ఉంది. ఆ లెక్కే ఈ విమానం ఒంటిమీద కనబడదు. తలుపు పక్కన చిన్న అక్షరాలతో వరుసగా అయిదు పేర్లు రాస్తే ఎర్రరంగు అందం తగ్గిపోదు.

ఎండాకాలంలో పిల్లల్ని తీసుకుని ఓల్డ్ వార్డెన్ వెళ్ళేవారు తప్పక ఈ కామెట్‌ను చూడండి. గాలి అనుకూలించి అది లేస్తే మీ అదృష్టం. పిల్లలు ముక్కుమీది పేరు చదివి ఇదెవరిదని అడిగితే, హోటలువారి కథతో ఆపకండి. అనాథ అని పేరు పెట్టి మళ్ళీ ఎగరేసిన వాళ్ళ సంగతి కూడా చెప్పండి.