'మూర్ఛవంటి' అన్న మాట: రెండు శీర్షికల పరిశీలన

వైద్య వ్యాసాన్ని విమర్శదృష్టితో చదవదలిస్తే మొదట దాని శీర్షిక దగ్గర ఆగండి. మెదడు కాండానికి రక్తం తెచ్చే బేసిలార్ ధమని మూసుకుపోయిన రోగుల గురించి 1988లో ఆలన్ రోపర్ రాశారు. శీర్షికలో 'మూర్ఛలు' అన్న మాటను కొటేషన్ గుర్తుల మధ్య ఉంచారు. వాదనంతా ఆ గుర్తుల్లోనే ఉంది. మూర్ఛ ప్రధానంగా మస్తిష్క వల్కలంలో రేగే విద్యుత్ అలజడి. ఇక్కడ కాళ్లూ చేతులూ వణకడానికి, బిగుసుకోవడానికి కారణం కాండానికి రక్తం అందకపోవడం.

2001లో సపోస్నిక్, కాప్లన్‌లు 'మూర్ఛవంటి కదలికలు' అన్నారు. జాగ్రత్తగల మాటే, కానీ నాకు పూర్తిగా నచ్చదు. 'వంటి' అన్నా చదువరి మనసు మూర్ఛ వైపే పోతుంది. తెలుగులో చిక్కు ఇంకా ఎక్కువ: మనకు మూర్ఛ అంటే స్పృహ తప్పడం కూడా. ఈ రోగుల్లో కొందరు స్పృహలోనే ఉంటారు!

ఇది మాటల పట్టింపు కాదు. ఫిట్స్ అనుకుని ఆ మందిచ్చి ఎదురుచూస్తే, రక్తపు గడ్డను కరిగించవలసిన, తొలగించవలసిన గంటలు జారిపోతాయి. తొలి గంటల్లో మామూలు సి.టి. స్కాన్‌లో ఏ లోపమూ కనిపించకపోవచ్చు. రక్తనాళాలను చూపే యాంజియోగ్రామ్ కావాలి. 2001 నాటి శీర్షికలో నేను మెచ్చేది 'మెదడు కాండపు పక్షవాతంలో' అన్న రెండో సగాన్ని. అది వైద్యుడి చూపును వణికే చేతి నుంచి మూసుకుపోయిన ధమని వైపు తిప్పుతుంది.