బరువెత్తే రెక్కకు

మా అనంతపురం సీమను వాన మోసం చేస్తుంది గానీ గాలి ఎన్నడూ చెయ్యదు. రామగిరి కొండల మీద గాలిమరల్ని అడిగితే అవే చెబుతాయి. ఏడాది పొడుగునా పడే వాన 550 మిల్లీమీటర్లు దాటితే మురిసిపోయే నేలకు గాలే తప్పని పంట. ఇక్కడ గాలి రెక్కను తిప్పి కరెంటు ఇస్తుంది. మి-26 హెలికాప్టరూ, నువ్వు ఆ లెక్కను తిరగేశావు. ఇంజను నీ రెక్కను తిప్పుతుంది, రెక్క గాలిని కిందికి తోస్తుంది, ఆ తోపుకు బరువు లేస్తుంది.

ఎత్తుకు పొగడాలంటే గద్దను పొగుడుతాను. నిన్ను పొగిడేది మోతకు.

మాస్కో శివార్ల మిల్ సంస్థ నిన్ను ఒక్క కాన్పులో కనలేదు. 1957లో మి-6 లేచింది. తర్వాత రెండు రోటర్లను చెరో పక్కన కట్టుకున్న వి-12, 1969లో 44 టన్నులకు పైగా ఎత్తింది. ఇప్పటికీ చెదరని రికార్డు అది. అయినా సైన్యంలో చేరలేదు. ఘనత వేరు, పనికొచ్చే ఘనత వేరు కదా! ఆ సంస్థ డిజైనర్ మారత్ తిష్చెంకో బృందం మళ్లీ ఒకే రోటరు దగ్గరికొచ్చింది. 32 మీటర్ల వలయంలో ఎనిమిది రెక్కలు. 11,400 హార్స్‌పవర్ చొప్పున రెండు ఇంజన్లు. అంత ఉరుకును రెక్క ఓర్చుకునే నెమ్మదికి దించాలి, రంకెలేసే కోడెలను కాడికి కట్టి సాలు తప్పకుండా దున్నించినట్టు. ఆ గేర్‌బాక్సును మిల్ ఇంజనీర్లు తామే గీసుకున్నారు. నా దండం ముందు దానికే.

1977 డిసెంబర్ 14న నేల విడిచావు. నీ ఒళ్లు 28 టన్నులు, నీ మోత 20. మన వాయుసేనకొచ్చి చండీగఢ్‌లో దిగావు, హిమాలయాలకు యంత్రాలు చేరవేశావు. 2019లో నీ పక్కకు చినూక్ వచ్చింది. ఆ రకం హెలికాప్టర్లకు పైకప్పు, తోక భాగాలు హైదరాబాదులో టాటా వాళ్లు చేస్తారు. నీ మోతలో సగమే దానిది, పట్టుదల మాత్రం తక్కువ కాదు.

అనంతపురానికి నీ వాళ్లు వచ్చింది కరువుకు కాదు, వరదకు. 2021 నవంబర్‌లో, ఏళ్ల తరబడి ఇసుక మేటలే చూపించే చిత్రావతి విరుచుకుపడి, పదిమందిని నడి ఏట్లో నిలబెట్టింది. మబ్బూ వానా లెక్కచెయ్యకుండా మి-17 వచ్చి పదిమందినీ పైకి లాక్కుంది. నీ పుట్టింటిదే, మోసేది నాలుగు టన్నులే. ఆ పూట అంతకు మించిన మోత ఎవరిక్కావాలి?

నీకు కొండ ఒక్కటే పగ కాదు, ఎండా పగే. ఎత్తుకో వేడికో గాలి పలచబడితే రెక్కకు పట్టు చిక్కదు, సరుకు తగ్గించక తప్పదు. ఇప్పుడు బెంగళూరులో హెచ్‌ఏఎల్ వాళ్లు 13 టన్నుల తరగతి హెలికాప్టరుకు రూపు గీస్తున్నారు. నీ ముందు అది మధ్యరకమే, అయినా మనది. మంచు కొండల్లో ఎలాగూ పరీక్షిస్తారు. నడి మే నెలలో, తాడిపత్రి బండలు కాలే మిట్టమధ్యాహ్నం, కడుపునిండా సరుకు నింపి ఒక్కసారి ఇక్కడా లేపి చూడండయ్యా!