నికర బరువు

మా ప్రొద్దుటూరులో పెండ్లి నగలు కొనేటప్పుడు రాళ్ల బరువు తీసేసి నికరం ఎంతని అడగని ఇల్లాలు ఉండదు. అదే పెండ్లి తెగినప్పుడు పెద్దమనుషులు రాసే కాగితంలో మాత్రం ‘ఎవరి నగలు వారికి ముట్టినవి’ అని ఒక్క ముక్కే ఉంటుంది. ఏ నగ, ఎన్ని గ్రాములు అన్నది ఉండదు.

అట్లాంటి కాగితాలను కోర్టుకు పనికొచ్చేట్టు తిరగరాయడమే నా వృత్తి. జమ్మలమడుగు నుంచీ పులివెందుల నుంచీ స్టాంపు పేపరు పట్టుకొస్తారు. ‘విడాకులు అయిపోయినాయి సార్, కోర్టు ముద్ర ఒక్కటి వేయించండి’ అంటారు. పంచాయితీ డబ్బు లెక్క తేల్చగలదు గానీ పెండ్లిని రద్దు చేయలేదు. 2011లో బూజ్ అలెన్ కేసులో, అది తాకట్టు తగాదా అయినా, విడాకులు ఆర్బిట్రేషన్‌కు లొంగేవి కావని సుప్రీంకోర్టు మాటవరసకు చెప్పిపెట్టింది. హిందూ వివాహ చట్టం 13బి కింద ఇద్దరూ అర్జీ పెట్టి, మామూలుగా ఆర్నెల్లాగి, మళ్లీ జడ్జి ముందు అదే మాట చెప్పాలి. తగిన కారణముంటే ఆ ఆర్నెల్లు మాఫీ చేయొచ్చని 2017లో తీర్పొచ్చింది.

డిక్రీ వచ్చేదాకా ఎవరైనా మనసు మార్చుకోవచ్చు. అందుకే సగం సొమ్ము మొదటి రోజు, సగం చివరి రోజు అని రాస్తాం. కొత్తలో నేనొక తప్పు చేశాను. రెండో సగానికి తర్వాతి తేదీ వేసిన చెక్కు ఇస్తే ‘మొత్తం ముట్టింది’ అని రాసేశాను. చెక్కు వెనక్కొచ్చింది. ఆ రెండు మాటలు ఆ అమ్మాయిని ఎంతకాలం తిప్పాయో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గే. ఇప్పుడు డీడీ నంబరు లేకుండా ఆ మాట రాయను. ‘బిడ్డ భరణం కూడా ఇందులోనే’ అన్న వాక్యమూ కొట్టేస్తాను. బిడ్డ హక్కును వదులుకునే అధికారం తల్లికి లేదు. కేసులో లేని చీనీ తోట రాసిస్తామంటే రిజిస్ట్రేషన్ కూడా చేయించమంటాను.

మొన్న ఒక కేసులో జడ్జిగారు, ‘ఏమ్మా, ఇది చదివినావా?’ అని అడిగారు.

‘లేదు సార్. మా మామ చెప్పినాడు.’

నన్ను పైకి చదవమన్నారు. నగల దగ్గరికి రాగానే ఆ పిల్ల మెల్లిగా, ‘వడ్డాణం ఇంకా వాళ్ల లాకర్లోనే ఉంది సార్’ అంది. పంచాయితీలో ఆమెను ఎవరూ అడగలేదంట. నేనూ అడగలేదు.

కేసు మధ్యాహ్నానికి వాయిదా పడింది. ‘వడ్డాణం ఒకటి, నికర బరువు’ అని టైపు చేయించి అంకె దగ్గర ఆపాను. షాపు చీటీ కోసం వాళ్ల నాయన ఇంటికి పరిగెత్తినాడు.