పొద్దుగాల సతాయిస్తది

కంప్యూటరు ఆన్ కావట్లేదని చుట్టపక్కాల్లో ఎవరు ఫోన్ చేసినా నేను ముందడిగేది ఒక్కటే: ఎందాకా వచ్చి ఆగిపోతోంది? చాలామంది దగ్గర దీనికి జవాబుండదు. తెర వెలగకపోతే వాళ్లకి అంతా ఒకటే. కానీ బటన్ నొక్కినా ఫ్యాను కదలకపోవడం వేరు, ఫ్యాను తిరుగుతున్నా తెర నల్లగా ఉండిపోవడం వేరు, కంపెనీ బొమ్మ వచ్చి అక్కడే తిష్ఠ వేయడం వేరు, విండోస్ చుక్కలు గుండ్రంగా తిరుగుతూ ఎంతకీ తెమలకపోవడం వేరు. మొదటిదైతే కరెంటు వైపు చూడాలి. రెండోదైతే ర్యాము, డిస్‌ప్లే కార్డు, బోర్డు. చివరి రెండింటికీ డిస్కునో, అందులో ఉన్న సరుకునో అనుమానించాలి. అన్నట్టు, ఎవరో పెన్‌డ్రైవ్ పెట్టి మరిచిపోతే దాన్నుంచి లేవబోయి, బూట్ డివైస్ లేదని మొరాయించే సిస్టంలు బోలెడు చూశాను. ఈ సంగతి ఫోన్లోనే తేలిపోతే స్క్రూడ్రైవరు ముట్టకుండానే సగం పని అయినట్టు.

ఆదిలాబాద్‌లో డీటీపీ సెంటర్ నడిపే మా బావ సిస్టం గొడవ మాత్రం అంత సులువుగా తేల్లేదు.

"పొద్దుగాల సతాయిస్తది బావా. నాలుగైదుసార్లు బటన్ కొడితేగాని లేవది. ఒక్కసారి లేసిందంటే రాత్రిదాంక మంచిగనే నడుస్తది" అన్నాడు.

యూపీఎస్‌ని తప్పించి నేరుగా గోడ ప్లగ్గుకు పెట్టి చూడమంటే, అదీ చూశాడట. మార్పు లేదు. అంతకుముందే ఒక రిపేరు షాపుకు ఆటోలో తీసుకెళ్తే అక్కడ మొదటి నొక్కుకే లేచి కూర్చుందట. వాళ్లు విండోస్ మళ్లీ ఎక్కించి పంపారు. మర్నాడు పొద్దున్నే యథాప్రకారం. రెండోసారి వెళ్తే బోర్డు పోయింది, కొత్త సిస్టం తీసుకోండి అన్నారు.

కొత్తది కొనడం ఆయనకు డబ్బు సమస్య ఒక్కటే కాదు. మన ఊళ్లలో డీటీపీ సెంటర్లు పాత డెస్క్‌టాప్‌ని అంటిపెట్టుకుని ఉండడానికి కారణం పిసినారితనం కాదు, పేజ్‌మేకర్. 2001లో వచ్చిన 7.0 దాని చివరి వెర్షన్. అను ఫాంట్లతో అందులో కూర్చిన పెళ్లిపత్రికలు, కరపత్రాలు, బిల్లుబుక్కులు, దశదినకర్మ కార్డులు ఏళ్ల తరబడి ఆ డిస్కులోనే పోగుపడి ఉన్నాయి. పెద్దకొడుకు పెళ్లికి వేయించిన పత్రికే చిన్నకొడుక్కీ కావాలంటూ వచ్చే బేరాలు అందులోంచే తీసివ్వాలి. ఆ సరంజామా మొత్తాన్ని కొత్త మెషీన్ మీద మళ్లీ పని చేయించడం ఎంత తద్దినమో చేసినవాళ్లకే తెలుసు.

నాకు బావ చెప్పినదాంట్లో 'రాత్రిదాంక మంచిగనే' అన్న ముక్క దగ్గర అనుమానం తగిలింది. నిజంగా బోర్డే పోతే పగలూ రాత్రీ చూసుకోదు. ఇక విండోస్ మళ్లీ ఎక్కించడమంటారా, ఈ సిస్టం విండోస్ దాకా వెళ్తే కదా! ఫ్యానే తిరగనప్పుడు ఫార్మాట్ కొట్టి ఏం లాభం? మన దగ్గర ఫార్మాట్ అనేది జబ్బేమిటో తెలియనప్పుడు పొడిచే ఇంజెక్షన్ అయిపోయింది. ఒక్కోసారి అది హాని కూడా. డిస్కు లోపల టిక్‌టిక్‌మని కొట్టుకుంటున్నప్పుడు చేయాల్సింది ఫైళ్లు కాపీ తీసుకోవడం. ఆ స్థితిలో ఫార్మాట్ కొట్టడమంటే ఉన్నవి కూడా పోగొట్టుకోవడమే.

పొద్దున రాని సిస్టం మధ్యాహ్నం ఎందుకొస్తుందో అర్థం కావాలంటే బటన్ నొక్కిన మొదటి అర సెకనులో ఏం జరుగుతుందో చూడాలి. ఎస్‌ఎంపీఎస్ అనే ఆ ఇనపడబ్బా గోడ నుంచి వచ్చే 230 వోల్టులను 12, 5, 3.3 వోల్టులకు దించి బోర్డుకిస్తుంది. ఇస్తే చాలదు. అవి కుదురుకున్నాయని రూఢి చేసుకున్నాక, సెకనులో పదోవంతు నుంచి అర సెకను లోపల, బూడిదరంగు తీగ మీద 'పవర్ గుడ్' అనే 5 వోల్టుల సంకేతం పంపాలి. అది అందేదాకా బోర్డు ప్రాసెసర్‌ని కదలనివ్వదు. 12 వోల్టుల లైనులో 11.4కి తగ్గకూడదు, 12.6 దాటకూడదు. వోల్టులు ఊగిసలాడుతుంటే ఆ సంకేతం రాదు, లేదా వచ్చినట్టే వచ్చి పోతుంది.

ఆ ఊగిసలాటను అణిచి ఉంచేవి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు. చూడడానికి చిన్న చిన్న డబ్బాల్లా ఉంటాయి, లోపల తడి ఉంటుంది. వేడికి ఆ తడి ఏటేటా కొంచెం ఆరిపోతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగానికి పడిపోతుందని ఎలక్ట్రానిక్స్ వాళ్లు లెక్క కడతారు. ఆరినకొద్దీ లోపలి నిరోధం పెరుగుతుంది, చలిలో అది మరీ ఎక్కువవుతుంది. ఇక ఉదయాన్నే బటన్ నొక్కితే ఎస్‌ఎంపీఎస్ ఒక ప్రయత్నం చేసి చేతులెత్తేస్తుంది. మళ్లీ నొక్కితే మళ్లీ అంతే. అయితే ప్రతి ప్రయత్నానికీ కెపాసిటర్లలో కరెంటు పారి కాస్త వెచ్చబడతాయి, నిరోధం కాస్త దిగుతుంది, ఏదో ఒక నొక్కుకి గట్టెక్కుతుంది. చలికాలంలో పాత స్కూటర్ని పక్కకు వంచి కిక్కులు కొట్టినవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. షాపుకు మధ్యాహ్నం ఆటోలో ఎండన పడి వెళ్లిన సిస్టం బుద్ధిగా లేవడంలో వింతేముంది?

ఆదిలాబాద్ ఎండలు 45 డిగ్రీల దాకా పోతాయి, చలికాలం రాత్రులు పదికి దిగువకు దిగుతాయి. ఎండాకాలాల్లో ఆరిన కెపాసిటరు డిసెంబరులో బయటపడుతుంది. దానికి తోడు బావకి ఒక మంచి అలవాటుంది, రాత్రి షట్టరు దించేముందు గోడ స్విచ్ కూడా ఆపేస్తాడు. గోడ స్విచ్ వేసి ఉంటే, కంప్యూటరు ఆపినా ఎస్‌ఎంపీఎస్‌లో 5 వోల్టుల స్టాండ్‌బై లైను పని చేస్తూనే ఉంటుంది, ఆ కొంచెంతో కొంత వెచ్చదనం మిగులుతుంది. పూర్తిగా ఆపేస్తే తెల్లారేసరికి మంచుగడ్డే. అలవాటు మంచిదే, మార్చుకోమని చెప్పను.

ఇదంతా ఊహ. రుజువు కావాలంటే జబ్బు కనబడే వేళకి అక్కడ ఉండాలి. ఈ పనిలో నాకు ముఖ్యమనిపించేది అదే, రిపేరు షాపులకు కుదరనిదీ అదే. అందుకే ఒక శీతాకాలం వారాంతాన ఆదిలాబాద్ వెళ్లాను. ఇక్కడ ఒక చిక్కుంది. పొద్దుటిపూట ఒకసారి సిస్టం లేచిందంటే సాక్ష్యం కరిగిపోయినట్టే, మళ్లీ మర్నాటి దాకా ఆగాలి. ముందు ర్యాము పీకి పెట్టి, ఆ తర్వాత కేబుళ్లు కదిపి, ఆ తర్వాత ఇంకేదో చేస్తే, ఈలోగా అది వెచ్చబడి లేచి కూర్చుంటే దేనివల్ల లేచిందని చెబుతాం? కాబట్టి ఏ ప్రశ్న ముందడగాలో రాత్రే తేల్చుకుని పడుకోవాలి.

పొద్దున షట్టరెత్తగానే పక్క మూత తీసి కూర్చున్నాం. బావ బటన్ నొక్కాడు. ప్రాసెసర్ మీది ఫ్యాను పావు చుట్టు తిరిగి ఆగింది. లోపల ఎక్కడో టిక్ అని సన్నని చప్పుడు, అంతే. ముందు బటన్ని తప్పించాను. కొన్ని పాత క్యాబినెట్లలో బటన్ లోపలికి వెళ్లి ఇరుక్కుపోతుంది. నాలుగు సెకన్లు నొక్కి పట్టుకుంటే ఆపెయ్యమనే అర్థం కాబట్టి బోర్డు లేచిన కాసేపటికే ఆరిపోతుంది. బోర్డు మూలన ఉండే రెండు పిన్నుల కనెక్టరు లాగేసి, ఆ పిన్నులను స్క్రూడ్రైవరు మొనతో ఒక్క క్షణం కలిపితే బటన్ నొక్కినట్టే. కలిపాను. మళ్లీ పావు చుట్టే. బటన్ తప్పు లేదని తేలింది. వెంటనే నేను తెచ్చిన వేరే ఎస్‌ఎంపీఎస్ తగిలించాం. అదీ రాత్రంతా ఆ గదిలో, అదే చలిలో ఉంది. మొదటిసారికే లేచింది.

ఇక్కడితో ఆపేసి చేతులు కడుక్కోవచ్చు. బావ అప్పటికే టీలు చెప్పేశాడు. నేను మాత్రం కొత్తది పీకి పాతది మళ్లీ పెట్టాను. ఈ పిచ్చేమిటన్నట్టు చూశాడు. పాత డబ్బా ఇంకా చల్లగానే ఉంది కాబట్టి ఫ్యాను మళ్లీ పావు చుట్టు తిరిగి ఆగిపోయింది. అప్పుడు నమ్మాను. భాగం మార్చగానే పని చేసిందంటే ఆ భాగమే దోషి అనుకోవడం తొందరపాటు. మార్చేటప్పుడు వదులైన కనెక్టరు బిగిసి ఉండొచ్చు, దుమ్ము కదిలి ఉండొచ్చు. పాతది పెడితే తప్పు తిరిగి రావాలి, కొత్తది పెడితే పోవాలి. అప్పుడే లెక్క తేలినట్టు.

పాత ఎస్‌ఎంపీఎస్ చిల్లుల్లోంచి టార్చి వేసి చూస్తే రెండు కెపాసిటర్ల నెత్తిన గీసి ఉన్న కత్తెర గీతలు పైకి ఉబ్బి కనిపించాయి. డబ్బా మాత్రం విప్పలేదు. లోపలి పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలవ ఉంటుంది, ప్లగ్గు తీసేశాక కూడా కాసేపు ఉండొచ్చు. తెలిసినవాళ్లు తప్ప ఎవరూ దాన్ని విప్పకూడదు, వీడియోలు చూసి అసలే విప్పకూడదు.

పనిలో పనిగా బోర్డు మీది బిళ్ల బ్యాటరీ కూడా మార్చాం. సీఆర్ 2032 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మందం ఉన్న 3 వోల్టుల బిళ్ల. గోడ స్విచ్ ఆపిన ప్రతి రాత్రీ గడియారాన్ని నడిపేది అదే. అది నీరసపడితే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, బ్రౌజరు ఏ సైటు తెరవబోయినా భద్రం కాదని మొత్తుకుంటుంది. బావ ఇన్నాళ్లూ నెట్‌వాళ్లని తిడుతున్నాడు.

రబ్బరు వైద్యం సంగతి చెప్పకపోతే ఈ కాలమ్‌కి ఉత్తరాలొస్తాయి. ర్యామ్ కర్ర పీకి, దాని బంగారు పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఊదేసి, మళ్లీ పెడితే నల్ల తెర వెలుగుతుందన్నది ఊరూరా తెలిసిన చిట్కా. చాలాసార్లు నిజంగానే వెలుగుతుంది. కానీ అందులో రబ్బరు మహిమ తక్కువనీ, పీకి మళ్లీ రెండు వైపులా టక్కుమనేలా నొక్కడమే మందు అనీ నా నమ్మకం. ముందు రుద్దకుండా పీకి పెట్టి చూడండి, అప్పుడు తెలుస్తుంది. రుద్దితే రజను మాత్రం స్లాటులో పడనివ్వకండి.

1981లో వచ్చిన ఐబీఎం పీసీ అంతా బాగుంటే ఒక్కసారి బీప్‌మనేది, బాగోలేకపోతే పొడుగు బీపులు, పొట్టి బీపులు కలిపి జబ్బు చెప్పేది. ఇప్పటి అసెంబుల్డ్ సిస్టంలలో చాలావాటికి ఆ చిన్న స్పీకరే పెట్టడం లేదు. బోర్డు మీద నాలుగు పిన్నుల చోటు ఉంటుంది, స్పీకరు ఖరీదు రెండు టీలకంటే ఎక్కువ ఉండదు. అది లేక ఎంతమంది ఊహల మీద బోర్డులు మార్పించుకున్నారో! కొన్ని కొత్త బోర్డుల మీద ప్రాసెసర్, ర్యామ్, డిస్‌ప్లే, బూట్ అని నాలుగు బుల్లి లైట్లు ఉంటాయి, ఎక్కడ ఆగితే ఆ లైటు వెలుగుతుంది. కొనేటప్పుడు అడగాల్సిన వాటిలో ఇదొకటి.

రిపేరువాళ్లని ఊరికే ఆడిపోసుకోవడం కూడా న్యాయం కాదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్ల మీద నిలబడితే చాలు, భుజాన సీపీయూలు మోసుకొచ్చేవాళ్లు ఎంత తొందరలో ఉంటారో తెలుస్తుంది. చూడడానికి డబ్బులడిగితే వస్తువేమీ మార్చలేదు కదా అంటాం. భాగం మారిస్తేనే డబ్బులొచ్చేటప్పుడు వాళ్లు మాత్రం భాగం మార్చక ఏం చేస్తారు?

బావ సిస్టంలో ఇంకో పని మిగిలిపోయింది. మూత బిగిస్తుంటే చెయ్యి జివ్వుమంది. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టరు ఇనపపెట్టెలోకి కొద్దిపాటి లీకేజీని పంపుతుంది, ఎర్తింగ్ ఉంటే అది భూమిలోకి పోతుంది. లేకపోతే పెట్టె మీద సుమారు వంద వోల్టులు అలా నిలిచి, చెప్పుల్లేని కాళ్లని వెతుక్కుంటాయి. చూస్తే మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను ఎప్పుడో విరిచేసి ఉంది, రెండు చిల్లుల బోర్డులో దూర్చడానికి. ప్లగ్గు అప్పుడే మార్చాం గాని, గోడ లోపల ఎర్తు తీగే లేదు. ఎలక్ట్రీషియన్ రేపొస్తాడని బావ చెబుతూనే ఉన్నాడు.