బయటికి తెరిచి ఉన్న తలుపు

కంప్యూటర్ నెట్‌వర్క్‌ల రక్షణను తీర్చిదిద్దినవారు చాలాకాలం పాటు తమ శ్రద్ధనంతా బయటి నుంచి లోపలికి వచ్చే కనెక్షన్లపైనే పెట్టి, లోపలి నుంచి బయటికి వెళ్లేవి సంస్థ సొంత పనుల కోసమే వెళుతుంటాయన్న నమ్మకంతో వాటిని దాదాపుగా వాటి మానాన వదిలిపెట్టారు. పెనెట్రేషన్ టెస్టింగ్‌లో, అంటే యజమాని దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుని అతని వ్యవస్థపైనే దాడిచేసి లోపాలను వెలికితీసే వృత్తిలో, రివర్స్ షెల్ అనే పద్ధతి అంతగా వేళ్లూనుకోవడానికి ఈ నమ్మకమే కారణం. ఈ పద్ధతిలో పరీక్షకుడు లక్ష్యంగా ఎంచుకున్న యంత్రానికి కనెక్షన్ కలపడు. ఆ యంత్రమే బయట ఎదురుచూస్తున్న పరీక్షకుడి యంత్రానికి కనెక్షన్ కలిపి, తనపై ఆజ్ఞలు జారీచేసే అధికారాన్ని అతని చేతికి అందిస్తుంది. ఈ రంగంలోకి వచ్చే యువతీయువకులు తొలినాళ్లలో మోజుపడి నేర్చుకునే విద్యల్లో ఇదొకటి. దాడిచేసేవాడి నైపుణ్యానికి గుర్తుగా దీన్ని లెక్కించేవారు చాలామంది ఉన్నారు గాని, రక్షకుడి ఊహకు అందకుండా పోయిన చోటును చూపించే కొలమానంగా దీన్ని నేర్చుకున్నప్పుడే ఈ విద్య వృత్తికి పనికివస్తుంది.

షెల్ అంటే మనిషి టైపు చేసిన కమాండ్‌ను చదివి, దానికి తగిన ప్రోగ్రామ్‌ను నడిపించి, ఫలితాన్ని తిరిగి చూపించే మధ్యవర్తి ప్రోగ్రామ్. యూనిక్స్‌లో కెన్ థాంప్సన్ రాసిన తొలి షెల్ 1971 నాటిది. 1979లో యూనిక్స్ ఏడో వెర్షన్‌తో వెలువడిన స్టీఫెన్ బోర్న్ షెల్, 1989లో బ్రయాన్ ఫాక్స్ రాసిన బ్యాష్ ఆ పరంపరలోవే. ఏ షెల్ అయినా మూడు ప్రవాహాల ద్వారానే పని నడుపుతుంది: 0 అనే సంఖ్య గలది కమాండ్లు వచ్చే దారి, 1 ఫలితాలు వెళ్లే దారి, 2 తప్పుల సమాచారం వెళ్లే దారి. ఆ దారుల చివర ఉన్నది కీబోర్డా, ఫైలా, మరో ప్రోగ్రామా అన్నది షెల్‌కు తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. 1983లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం విడుదల చేసిన 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌లో, నెట్‌వర్క్ కనెక్షన్‌కు ఈ కొసన ఉండే సాకెట్‌ను కూడా ఫైలు మాదిరిగానే చదవడానికీ రాయడానికీ వీలు కల్పించడంతో, షెల్ మూడు ప్రవాహాలనూ సాకెట్‌కు మళ్లించడం కొద్దిపాటి సిస్టమ్ కాల్స్‌తో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌ను ప్రోగ్రామ్ అడిగే సేవలతో, ముగిసే పని అయింది. రివర్స్ షెల్‌లో జరిగేదంతా ఇదే. యూనిక్స్‌ను అంత తేలికగా, అంత శక్తిమంతంగా నిలబెట్టిన గుణమే ఇక్కడ దాడికీ అక్కరకు వస్తున్నది కాబట్టి, ఆ గుణాన్ని తీసివేసి ఈ దాడిని ఆపడమనేది సాధ్యం కాదు. ఆపవలసిన చోటు వేరే ఉంది.

రివర్స్ షెల్‌కు ఎదురు దిశలో నడిచే పద్ధతిని బైండ్ షెల్ అంటారు. అందులో లక్ష్య యంత్రం తనలో ఒక పోర్ట్‌ను, అంటే కనెక్షన్లు అందుకునే సంఖ్యాద్వారాన్ని, తెరిచి కూర్చుంటే పరీక్షకుడు బయటి నుంచి దానికి కనెక్షన్ కలుపుతాడు. 1998లో కల్ట్ ఆఫ్ ది డెడ్ కౌ అనే బృందం విండోస్ యంత్రాల కోసం విడుదల చేసిన బ్యాక్ ఆరిఫిస్ అనే ప్రోగ్రామ్ ఈ విధంగానే 31337 అనే పోర్ట్‌లో ఎదురుచూసేది. అయితే అప్పటికే సంస్థల నెట్‌వర్క్‌ల ముందు ఫైర్‌వాల్‌లు, అంటే రాకపోకలను నియమాల ప్రకారం వడపోసే అడ్డుగోడలు, వెలిశాయి. పైగా, 32 బిట్ల ఐపీ చిరునామాలు ప్రపంచానికంతటికీ సరిపోవన్న భయంతో 1994లో ప్రతిపాదించిన చిరునామా మార్పిడి పద్ధతి, 1996లో ప్రమాణంగా వెలువడిన ప్రైవేటు చిరునామాల కేటాయింపు కలిసి, లోపలి యంత్రాలకు బయటి నుంచి నేరుగా చేరే చిరునామానే లేకుండా చేశాయి. అటువంటి యంత్రంలో పోర్ట్ తెరిచి ఉంచినా బయటివారు దాన్ని తట్టలేరు. అదే యంత్రం బయటికి కనెక్షన్ కలిపితే మాత్రం ఫైర్‌వాల్ దానిని లోపలివారి కోరికగా గుర్తుపెట్టుకుని, దానికి బదులుగా తిరిగివచ్చే ప్రతి ప్యాకెట్‌నూ అడ్డు లేకుండా రానిస్తుంది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ వచ్చేవారి పేరు, ఫ్లాట్ నంబరు రిజిస్టర్‌లో రాయించుకుని, వెళ్లేవారి వైపు తల కూడా తిప్పకపోవడం లాంటిదే ఈ ఏర్పాటు.

రివర్స్ షెల్ ఫైర్‌వాల్‌లను దాటడం కోసమే పుట్టిందని చాలా పాఠాల్లో చెబుతుంటారు. చరిత్రను కాస్త వెనక్కి చూస్తే ఆ మాట పూర్తిగా నిలవదు. 1988 నవంబరు 2న కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ టప్పన్ మోరిస్ ఇంటర్నెట్‌లోకి వదిలిన వార్మ్, అంటే ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి తనంతట తానే పాకిపోయే ప్రోగ్రామ్, ఈ పద్ధతికి చక్కని తొలి ఉదాహరణ. అది రెండు ముఖ్యమైన దారుల్లో చొరబడేది. యంత్రంలోని వినియోగదారుల వివరాలు తెలిపే ఫింగర్ సేవలో 512 బైట్లకు మాత్రమే చోటు ఉండగా అంతకు మించి పంపి షెల్ సంపాదించడం ఒకటి. సెండ్‌మెయిల్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లో పరీక్షల కోసం వదిలేసిన డీబగ్ సదుపాయం ద్వారా ఉత్తరం రూపంలో కమాండ్లు నడిపించడం రెండోది. ఈ రెండో దారిలో చిక్కు ఏమిటంటే, ఉత్తరం ఒకవైపుకే పోతుంది. కమాండ్ నడిచిందో లేదో తెలుసుకోవడానికి గాని, ఆ తరువాతి సరుకు పంపడానికి గాని తిరుగు దారి ఉండదు. అందుకని వార్మ్ మొదట 99 పంక్తుల చిన్న సీ ప్రోగ్రామ్‌ను అవతలి యంత్రానికి పంపి, అక్కడే కంపైల్ చేయించి నడిపించేది. ఆ చిన్న ప్రోగ్రామ్ తనను పంపిన యంత్రానికి తిరిగి కనెక్షన్ కలిపి, ముందుగా ఇచ్చిన గుర్తు సంఖ్యను చూపించి, అసలు వార్మ్ ఫైళ్లను దించుకుని, ఆ పైన తానే ఒక షెల్‌గా మారి, తన ఇన్‌పుట్ ఔట్‌పుట్‌లను ఆ కనెక్షన్‌కే అప్పగించేది. ఆ పేరు పెట్టకపోయినా, ఇది అక్షరాలా రివర్స్ షెల్.

పర్‌డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన యూజీన్ స్పాఫర్డ్ అదే ఏడాది ఈ వార్మ్‌ను విప్పి చూపిస్తూ రాసిన విశ్లేషణ, ఇప్పుడు చదివినా విద్యార్థికి ఎంతో నేర్పుతుంది. వేలాది యంత్రాలు మూలపడిన ఆ ఘటన తరువాత కొద్ది వారాల్లోనే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో తొలి సర్ట్ బృందం, అంటే కంప్యూటర్ భద్రతా ఘటనలకు స్పందించే బృందం, ఏర్పడింది. 1990లో మోరిస్‌కు మూడేళ్ల ప్రొబేషన్, 400 గంటల సమాజసేవ, జరిమానా విధించారు. ఇక్కడ ప్రధానంగా గమనించవలసింది ఆ తిరుగు కనెక్షన్‌కు మూలమైన అవసరం. ఎవరూ పెద్దగా అడ్డుకోని కాలంలో కూడా, లోపం ఎక్కడో ఒకచోట ఒక్క కమాండ్‌ను నడిపించనిస్తే చాలు, దాన్ని రెండువైపులా మాట్లాడుకునే దారిగా మార్చుకోవడానికి అత్యంత సహజమైన ఉపాయం లోపలి యంత్రం చేతనే పిలిపించుకోవడం. ఫైర్‌వాల్‌లు ఆ ఉపాయాన్ని పుట్టించలేదు. మిగిలిన ఉపాయాలను మూసివేసి దీనికి ప్రాధాన్యం తెచ్చాయి.

1995 అక్టోబరులో హాబిట్ అనే మారుపేరుతో ఒక ప్రోగ్రామర్ విడుదల చేసిన నెట్‌క్యాట్‌తో ఈ పని సామాన్యుల చేతికి వచ్చింది. నెట్‌వర్క్ కనెక్షన్‌లోకి రాయడం, దాని నుంచి చదవడం ప్రధాన పనిగా గల ఈ చిన్న సాధనంలో, కనెక్షన్ కలిసిన వెంటనే ఒక ప్రోగ్రామ్‌ను దానికి జతచేసే సదుపాయం కూడా ఉంది. అయితే ఆ సదుపాయం దానంతటది రాదు. కంపైల్ చేసేటప్పుడు గేపింగ్ సెక్యూరిటీ హోల్, అంటే నోరు తెరిచిన భద్రతా రంధ్రం, అనే పేరున్న మీటను చేతులారా వేసుకోవాలి. ఒక సాధనాన్ని తయారుచేసినవాడు దాని ప్రమాదాన్ని దాని పేరులోనే ప్రకటించి, తెలిసే దాన్ని ఎంచుకునేలా చేయడం మెచ్చుకోదగిన వృత్తిధర్మం. ఓపెన్‌బీఎస్‌డీవారు తమ నెట్‌క్యాట్‌లో ఆ సదుపాయాన్నే పెట్టలేదు. 2003లో హెచ్.డి. మూర్ మొదలుపెట్టిన మెటాస్‌ప్లాయిట్ వచ్చాక రివర్స్ షెల్ ఒక మెనూలో ఎంచుకునే వస్తువుగా మారిపోయింది. ఆ సాధనం వాడుకగా తీసుకునే 4444 అనే పోర్ట్ సంఖ్యను నేటి రక్షణ వ్యవస్థలు చూడగానే పట్టుకుంటాయి.

కనెక్షన్ అందుకోవడంతో పరీక్షకుడి పని పూర్తవుతుందనుకోవడం పొరపాటు. ఆ విధంగా దొరికిన షెల్ వెనుక టెర్మినల్ ఉండదు. అంటే తెర వెడల్పు ఎంత, కర్సర్ ఎక్కడ ఉంది, కంట్రోల్-సీ నొక్కితే ఏ ప్రోగ్రామ్‌ను ఆపాలి అని చూసుకునే పొర అక్కడ లేదు. అందువల్ల సాధారణ ఎడిటర్లు తెరుచుకోవు, పాస్‌వర్డ్ అడిగే కమాండ్లు మొరాయిస్తాయి, ఏదో కమాండ్‌ను ఆపుదామని అలవాటుగా కంట్రోల్-సీ నొక్కితే పరీక్షకుడి వైపు లిజనరే, అంటే ఎదురుచూస్తూ కనెక్షన్ అందుకున్న ప్రోగ్రామే, ఆగిపోయి షెల్ కాస్తా చేజారుతుంది. పైథాన్ వంటి భాషల్లో ఉండే నకిలీ టెర్మినల్ సదుపాయంతో ఆ లోటు పూడ్చుకోవడాన్ని అనుభవజ్ఞులు ప్రతి శిష్యుడికీ ముందుగా నేర్పుతారు. దీనికన్నా ముఖ్యమైనదొకటి అంతగా నేర్పరు. మామూలు నెట్‌క్యాట్ కనెక్షన్‌కు ఎన్‌క్రిప్షన్ లేదు. ఒక ఆసుపత్రి సర్వర్‌ను పరీక్షించేవాడు అటువంటి కనెక్షన్ ద్వారా రోగుల పట్టికను తెరపై చూసుకుంటే, ఆ వివరాలు దారిపొడవునా ఎవరైనా చదవగల రూపంలో ఇంటర్నెట్‌పై ప్రయాణించినట్లే. పరీక్ష ముగిశాక కూడా లక్ష్య యంత్రంలో మిగిలిపోయిన ప్రోగ్రామ్, వదిలేసిన ఐపీ చిరునామాకు గంటగంటకూ పిలుస్తూ ఉంటే, రేపు ఆ చిరునామా మరొకరికి అద్దెకు వెళ్లినప్పుడు ఆ అధికారమంతా వారికి దక్కవచ్చు. తెచ్చిన ప్రతి ఫైలునూ, తెరిచిన ప్రతి కనెక్షన్‌నూ సమయంతో సహా రాసిపెట్టుకుని, చివర వాటిని తీసివేయడం ఈ వృత్తిలో నైపుణ్యానికి లోబడిన విషయం కాదు, నైపుణ్యమే అది.

బయటికి వెళ్లే దారి విలువ ఎంతటిదో 2021 డిసెంబరులో ప్రపంచమంతటికీ తెలిసివచ్చింది. జావా ప్రోగ్రామ్‌లు తమ పనుల చిట్టా రాసుకోవడానికి వాడే అపాచీ లాగ్‌4జే అనే లైబ్రరీలో అలీబాబా క్లౌడ్ భద్రతా బృందానికి చెందిన చెన్ జావోజున్ నవంబరులో గుర్తించి తెలియజేసిన లోపం, సీవీఈ-2021-44228 అనే సంఖ్యతో, లాగ్‌4షెల్ అనే పేరుతో ప్రసిద్ధమై, తీవ్రతలో పదికి పది పొందింది. ఆ చిట్టాలో, అంటే లాగ్‌లో, చేరే వాక్యంలో ప్రత్యేకమైన గుర్తులతో ఒక చిరునామా ఉంటే, ఆ లైబ్రరీ దాన్ని మామూలు అక్షరాలుగా వదిలేయక, ఆ చిరునామాలోని సర్వర్‌కు స్వయంగా కనెక్షన్ కలిపి, అక్కడ దొరికిన కోడ్‌ను తెచ్చుకుని నడిపించేది. అప్పట్లో అందరి దృష్టీ ప్యాచ్, అంటే లోపాన్ని సరిచేసే మార్పు, వేయడంపైనే ఉండటం సహజం. అయినా ఒక్క ప్రశ్న అడగదగినది: లోపలి పనుల చిట్టా రాసుకునే ఒక సర్వర్‌కు ఇంటర్నెట్‌లోని ఏదో అజ్ఞాత యంత్రంతో మాట్లాడవలసిన అవసరం ఏముంది? ఆ సర్వర్ తనకు పనిపడే నాలుగైదు చిరునామాలకు తప్ప మరెక్కడికీ వెళ్లకుండా ఫైర్‌వాల్‌లో కట్టడి చేసిన చోట, లోపం ఉన్నా కూడా ఆ కోడ్ వచ్చి చేరే మార్గం మూసుకుపోయేది. డీఎన్‌ఎస్ ద్వారా, అంటే పేర్లను ఐపీ చిరునామాలుగా మార్చే సేవ ద్వారా, కొన్ని రహస్యాలు జారిపోయే వీలు అప్పుడూ మిగిలి ఉండేదన్న మాట నిజమే. ఆ దారిని కూడా సంస్థ సొంత డీఎన్‌ఎస్ సర్వర్‌కే పరిమితం చేసి, అక్కడ అడిగే పేర్లను గమనిస్తూ ఉండవలసిందే.

బయటికి వెళ్లే కనెక్షన్ల నిఘా గురించి 2005లోనే రిచర్డ్ బెట్లిక్ ఒక పుస్తకమంతా రాశాడు. ఇన్నేళ్లయినా ఆ పని వెనుకబడి ఉండటానికి కారణం తెలియకపోవడం కాదు. అది శ్రమతో కూడినది కావడం. లోపలికి వచ్చే దారులు పదో పాతికో ఉంటే, బయటికి వెళ్లేవి అప్‌డేట్లు, చెల్లింపు సేవలు, క్లౌడ్ నిల్వలు, మెయిళ్లు అంటూ వందల్లో ఉంటాయి. వాటిలో ఏది అవసరమో ఆ అప్లికేషన్ రాసినవారికి తప్ప నెట్‌వర్క్ సిబ్బందికి తెలియదు. 443 పోర్ట్‌ను మూసివేస్తే వెబ్ ఆగిపోతుంది, తెరిస్తే ఎన్‌క్రిప్షన్ ముసుగులో రివర్స్ షెల్ కూడా అదే దారిన పోతుంది. అందుకే పోర్ట్ సంఖ్యను నమ్ముకోవడం కన్నా, ప్రతి సర్వర్‌కూ దాని గమ్యాల జాబితా రాయించి మిగతా అన్నింటినీ నిరాకరించడం, మనుషులు వాడే యంత్రాలను లాగిన్ అడిగే ప్రాక్సీ మీదుగా పంపడం మేలు. యంత్రం లోపల చూసుకోవలసింది ఇంకొకటి ఉంది: వెబ్ సర్వర్ ప్రాసెస్‌కు షెల్ బిడ్డగా పుట్టడం, ఆ షెల్ ఇన్‌పుట్ టెర్మినల్‌కు బదులు సాకెట్‌కు కలిసి ఉండటం చాలా అప్లికేషన్లలో న్యాయంగా ఎప్పుడూ జరగని సంగతులు. కనెక్షన్ ఎంత రహస్యంగా సాగినా ఈ బంధుత్వాన్ని దాచడం కష్టం.

భారతదేశంలో సమాచార సాంకేతిక చట్టం 2000లోని 43వ సెక్షన్ యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి ప్రవేశించడాన్ని తప్పుగా పేర్కొంటుంది. అదే పని నిజాయితీ లేకుండా లేదా మోసపూరితంగా చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లేదా ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. రివర్స్ షెల్ కమాండ్ ఒక్కటే అయినా, అనుమతి పత్రం ఉన్నవాడి చేతిలో అది పరీక్ష, లేనివాడి చేతిలో నేరం. భారతదేశపు సర్ట్ అయిన సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు సైబర్ ఘటనలను 6 గంటల్లోగా తెలియజేయాలి, లాగ్‌లను 180 రోజులపాటు భద్రపరచాలి. ఈ నిబంధనల కింద పనిచేసే హైదరాబాద్, విశాఖపట్నం సంస్థల్లో చేరబోయే తెలుగు విద్యార్థులు ఇంటర్నెట్‌లోని సాధన ప్రయోగశాలల్లో నేర్చుకుని వస్తున్నారు. ఆ ప్రయోగశాలల్లో లక్ష్య యంత్రం నుంచి విద్యార్థి యంత్రానికి దారి సాధారణంగా తెరిచే ఉంటుంది, షెల్ దొరికి, లోపలికి చేరినట్లు రుజువుగా అక్కడ ఉంచిన గుర్తు ఫైలు చదివితే పాఠం ముగుస్తుంది. దానివల్ల నివేదికల్లో కూడా షెల్ దొరికిన తెరబొమ్మ, వేయవలసిన ప్యాచ్ పేరు మాత్రమే కనిపిస్తుంటాయి. ఏ సర్వర్ నుంచి, ఏ పోర్ట్ మీదుగా, ఏ చిరునామాకు కనెక్షన్ బయటికి వెళ్లింది, ఏయే పోర్ట్‌ల మీద ప్రయత్నించినప్పుడు అడ్డుపడింది, అది ఎంతసేపు నిలిచింది, ఆ వ్యవధిలో సంస్థ నిఘా సిబ్బందికి హెచ్చరిక అందిందా, ఆ కనెక్షన్ ఫైర్‌వాల్ లాగ్‌లో నమోదైందా అన్న వివరాలకు నివేదికలో విడిగా ఒక అధ్యాయం ఉండాలి. ప్యాచ్ వేసిన తరువాత జరిపే మలి పరీక్షలో, పాత లోపం మూతపడిందా అని చూడటంతో ఆగకుండా, సంస్థ సిబ్బంది సమక్షంలో అదే సర్వర్ నుంచి చేతితో ఒక కనెక్షన్‌ను బయటికి పంపించి, అది ఎక్కడ ఆగిందో, ఏ లాగ్‌లో పడిందో వారి చేతనే వెతికించి నివేదికకు జతచేయాలి.