పోడు కొట్టేవాళ్ళ పక్షాన

నర్మద పోరాటం అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది అరుంధతీ రాయ్ 1999లో రాసిన ‘ది గ్రేటర్ కామన్ గుడ్’. అంతకు నాలుగేళ్ళ ముందే, 1995లో, అమితా బావిస్కర్ ‘ఇన్ ది బెల్లీ ఆఫ్ ది రివర్’ వచ్చింది. దాని గురించి మనం పెద్దగా మాట్లాడుకోం. నాకు మాత్రం ఇదే ఎక్కువ కాలం నిలిచే పుస్తకం అనిపిస్తుంది.

రాయ్ వ్యాసం బలమంతా ఒక్క ప్రశ్నలో ఉంది: పెద్ద డ్యాముల వల్ల ఊళ్ళు వదిలినవాళ్ళు ఎందరు? సర్కారు దగ్గర లెక్క లేదు. 54 డ్యాముల మీద జరిగిన ఓ అధ్యయనంలోని సగటును బాగా తగ్గించి ఆమే లెక్క కట్టింది: 3 కోట్ల 30 లక్షలు. ఆ అంకె చూశాక ‘దేశం కోసం త్యాగం’ అన్న మాట గొంతు దిగదు. అయితే ఆ వ్యాసంలో ఆదివాసులు ఎక్కువగా నష్టపోయినవాళ్ళుగానే కనిపిస్తారు.

బావిస్కర్ నర్మద ఒడ్డున, అంజన్వారా అనే భిలాలా ఊళ్ళో ఉండి రాసింది. అక్కడివాళ్ళకు డ్యాముతోనే కాదు, అటవీశాఖతోనూ తగువు. అడవి కొట్టి చేసుకున్న చేలను వాళ్ళు ‘నేవాడ్’ అంటారు. మన మన్యంలో పోడు లాంటిదే. అడవిని కొలిచేదీ వాళ్ళే, నరికేదీ వాళ్ళే. బయటి మద్దతుదారులు చూపించే ‘ప్రకృతి సంరక్షకుడి’ బొమ్మకీ ఈ బతుక్కీ పొంతన కుదరదని, ఉద్యమం మీద అభిమానం ఉంచుకునే ఆమె చెప్పింది. పరిశోధన గ్రంథం గనక సిద్ధాంత చర్చ దగ్గర నడక బరువెక్కుతుంది. అంజన్వారాకి చేరాక ఇక పుస్తకం కింద పెట్టలేం.

ఇలాంటి నిజాలు అవతలి పక్షానికి ఆయుధాలు కావా? కావొచ్చు. కానీ ఆదివాసి మంచితనం చూపించి హక్కు అడిగితే, అతను చెట్టు కొట్టిన రోజున ఆ హక్కు పోతుంది. పట్నంలో ఇల్లు పోయినవాణ్ణి పరిహారం ఇచ్చేముందు ‘నువ్వెన్ని మొక్కలు నాటావు?’ అని ఎవరూ అడగరు కదా!

పోలవరం కోసం 2014లో ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. అక్కడి కోయలూ కొండరెడ్లూ మన కవిత్వంలోకి ఇంకా ‘అమాయకపు అడవి బిడ్డలు’గానే వస్తున్నారు. పోడు పట్టా కోసం ఆఫీసుల చుట్టూ తిరిగేవాడు, పరిహారం డబ్బుల దగ్గర తమ్ముడితో గొడవపడేవాడు, అయినా ఊరు వదలనని మొండికేసేవాడు మన సాహిత్యంలో నాకు కావాలి. జాలి అక్కర్లేకుండానే అతని పక్షాన నిలబడగలమా అన్నదే ఈ పుస్తకం మనకు పెట్టే పరీక్ష.