వంటగట్టు అడుగున

వంటింట్లో గ్రానైట్ స్థానంలో స్టీలుదో, ఇత్తడిదో, రాగిదో గట్టు వేయించుకోవాలన్న ఆలోచన వచ్చినవాళ్లు ముందు ఫొటోలు చూస్తారు. మెరుపు నచ్చుతుంది, అంచు మలిచిన తీరు నచ్చుతుంది. ఆ ఫొటో పట్టుకుని నగరంలో ఏదో పెద్ద షోరూంకి బయల్దేరతారు. వెలిమెలలో ఇల్లు బాగుచేయించుకుంటున్నవాళ్లు కారును పటాన్‌చెరు వైపు తిప్పితే మంచిదని నా వాదన. కారణం దగ్గరని కాదు, చవకని అసలే కాదు. లోహపు గట్టు పదేళ్లు నిలుస్తుందా, రెండేళ్లకే తుప్పు మచ్చలతో విసిగిస్తుందా అన్నది తేల్చే సంగతులు షోరూం వెలుతురులో కనపడవు. రేకు ఏ రకానిది, అతుకు ఎలా వేశారు, రేకు కింద ఏం పెట్టారు అన్నవే అవి. వీటిని అడిగితే జవాబు చెప్పగలిగినవాడు ఆ రేకును వంచినవాడు, అతికినవాడు. అందుకే గట్టును ఎంచుకునే ముందు చేయిని ఎంచుకోవాలి.

ఆ చేతులకు ఈ ప్రాంతంలో కొదవ లేదు. రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ 1960లలో వచ్చింది. కంప్రెసర్లు, టర్బైన్లు, పంపులు చేసే ఆ కర్మాగారం చుట్టూ రేకు కోసి, వంచి, అతికే చిన్న చిన్న షెడ్లు పుట్టుకొచ్చాయి. 1984లో మొదలైన ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో సైన్యం కోసం శరత్ పోరాట వాహనాలు తయారవుతాయి. ఇక బొల్లారం, పాశమైలారం, పటాన్‌చెరు వాడల్లో మందుల కంపెనీలు నిండా ఉన్నాయి. మందులు తయారుచేసే స్టీలు రియాక్టరు లోపలి గోడను వంటగది మనిషి ఒకసారి గమనించాలి. అక్కడ మూల అనేది ఉండదు. ప్రతి మూలా గుండ్రంగా తిరుగుతుంది. అతుకు గోరుకు తగలకూడదు. వెంట్రుకంత సందు మిగిలినా అందులో పాత మందు ఇరుక్కుంటుంది, సూక్ష్మజీవి చేరుతుంది, ఆ బ్యాచ్ అంతా పారబోయాలి. అందుకే అతుకు వేసేటప్పుడు పైనుంచే కాకుండా వెనకవైపు నుంచి కూడా ఆర్గాన్ వాయువు పంపిస్తారు. అలా పంపకపోతే పైకి అతుకు వెండి తీగలా మెరుస్తున్నా వెనకవైపు నల్లగా, గరుకుగా, మాడిన పంచదార గడ్డలా తయారవుతుంది. ఆర్గాన్ వెల్డర్ నైపుణ్యమంతా కన్ను చూడని ఆ వెనకవైపు తేలుతుంది. సింకు, గట్టు, వెనక గోడ అంచు ఒకే ముక్కగా, మూలలు గుండ్రంగా ఉండాలని కోరుకునే ఇల్లాలు అడుగుతున్నది సరిగ్గా ఈ పనినే. దాన్ని ఫ్యాక్టరీ కోసం రోజూ చేస్తున్న మనిషి ఆమె ఇంటికి కొద్ది దూరంలోనే ఉన్నాడు.

దీన్ని చేతిపని అనవచ్చా అని కొందరికి అనిపించవచ్చు. హస్తకళ అనగానే మనకు పెంబర్తి గుర్తొస్తుంది. వరంగల్ దారిలో జనగామ పక్కనున్న ఆ ఊరి ఇత్తడి రేకు పనికి కాకతీయుల కాలం నుంచీ పేరుంది, భౌగోళిక గుర్తింపూ దక్కింది. రేకును కాల్చి మెత్తబరిచి, లక్క పరిచిన దిమ్మె మీద పెట్టి, ఉలి, సుత్తులతో వెనకనుంచి ఉబ్బించి బొమ్మ తేల్చడం ఆ పనివారి విద్య. గుడి తలుపులకు, వాహనాలకు, ధ్వజస్తంభాలకు వాళ్లు వేసే ఇత్తడి తొడుగును ఒక్కసారి తలుచుకోండి. లోపల కర్ర, పైన రేకు. కర్ర బలాన్నిస్తుంది, రేకు ఎండావానల నుంచి కాస్తుంది. లోహపు వంటగట్టు నిర్మాణమూ ఇదే. కర్రకు బదులు నీటికి ఉబ్బని ప్లైవుడ్, అంతే తేడా. కొత్తగా విదేశాల నుంచి వచ్చిన మోజని దీన్ని అనుకునేవారికి మన గుడి ముంగిటే సమాధానం ఉంది. పెంబర్తి కంచరినీ పాశమైలారం వెల్డరునూ రెండు వేర్వేరు లోకాల మనుషులుగా చూడటం నాకు అన్యాయంగా తోస్తుంది. లేజరు యంత్రం కోస్తుంది, ప్రెస్సు వంచుతుంది, నిజమే. కానీ నిప్పురవ్వను సెకనులో ఎంత సేపు ఎక్కడ నిలపాలో, రాడ్డును ఏ క్షణంలో ముంచి తీయాలో మణికట్టే తేలుస్తుంది. ఆ మణికట్టు ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చినదైనా, దానికి ఏ సంస్థా కళాకారుడన్న కాగితం ఇవ్వకపోయినా, చేసింది చేతిపనే.

ఇక ఏ లోహం? ఇక్కడ ఫొటోలు మనల్ని బాగా తప్పుదారి పట్టిస్తాయి, ఎందుకంటే అవి చింతపండు వాడని వంటిళ్లవి. పారిస్‌లో పాత బార్ల కౌంటర్లకు మెత్తని లోహపు రేకు తొడిగేవారు. అక్కడ కౌంటరుకే జింక్ అన్న పేరు స్థిరపడిపోయింది. ద్రాక్షసారా చుక్కలు పడి, మచ్చలు కలిసిపోయి ఏర్పడే ఆ బూడిద రంగును వాళ్లు అందంగానే భావించారు. మన గట్టు మీద రోజూ పడేవి పులుసు చుక్కలు, నిమ్మరసం, మజ్జిగ, ఆవకాయ ఊట. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఇత్తడి, రాగి పైపొరను కరిగిస్తుందని మన ఇళ్లకు ఎప్పుడో తెలుసు. పూజ సామాను తోమేది దానితోనే. తోమినప్పుడు అది మెరుపు. పులుసు గిన్నె అడుగు ఆనిన చోట మాత్రం అది గుండ్రటి మచ్చ. రేకంతా ముదురు రంగుకు తిరిగాక మధ్యలో ఒక్క వలయం గులాబీ రంగులో వెలుగుతుంటే కంటికి ముల్లులా ఉంటుంది. తడి నిలిచిన అంచుల్లో పచ్చటి చిలుము పడుతుంది. ఇత్తడి గిన్నెలకు తగరంతో కళాయి వేయించకుండా పులుసు కాచకూడదని పెద్దవాళ్లు పట్టుబట్టింది ఊరికే కాదు. కళాయి పోయిన పాత్రలో పులుపు నిలిస్తే ఆ లోహం కూరలోకి దిగుతుంది.

రాగి మీద సూక్ష్మజీవులు బతకవు కదా అని వాదించేవారున్నారు. అది నిజమే, అమెరికా పర్యావరణ సంస్థ 2008లో రాగి మిశ్రమాలకు ఆ గుణం ఉన్నట్టు అధికారికంగా నమోదు చేసింది. అయితే మచ్చలు పడకుండా రాగి మీద లక్కర్ పూత వేయించుకున్న మరుక్షణం సూక్ష్మజీవికి తగిలేది పూతే, రాగి కాదు. మచ్చా వద్దు, రాగి గుణమూ కావాలంటే కుదరదు. కాబట్టి నా తీర్పు ఇది: పొయ్యి, సింకు, కూరగాయలు తరిగే చోటు స్టీలు. ఇత్తడి, రాగి మీద ప్రేమ ఉంటే అవి వడ్డన బల్లకు, మంచినీళ్ల బిందె పెట్టే అరుగుకు, పూజగదికి. అక్కడ సుత్తి దెబ్బలు కనపడేలా చేయించుకోండి. సుత్తి పడిన రాగి గట్టిపడుతుంది, ఆ గుంతల మధ్య చిన్న గీతలు కలిసిపోతాయి. అచ్చు యంత్రంతో గుంతలు ముద్రించిన రేకులో ఒకే నమూనా మళ్లీ మళ్లీ వస్తుంది. మూడడుగులు దూరం జరిగి చూస్తే పట్టేయవచ్చు.

స్టీలు అన్నానని ఏ స్టీలైనా సరిపోదు. 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రేర్లీ తుపాకీ గొట్టాల అరుగుదలను ఆపే దారి వెతుకుతూ క్రోమియం కలిపిన ఉక్కుకు తుప్పు పట్టడం లేదని గమనించాడు. ఆ గుణమంతా రేకు పైన కంటికి కనపడని క్రోమియం ఆక్సైడ్ పొరది. వంటగదికి తగినదిగా అందరూ ఒప్పుకునే 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. నికెల్ ఖరీదు. అందుకని దాన్ని తగ్గించి మాంగనీసు పెంచిన 202 వంటి రకాలు బజారులో తిరుగుతాయి. కొత్తలో రెండింటి మెరుపూ ఒకటే. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలే అని చాలామంది నమ్మకం. 202కి కూడా అయస్కాంతం అంటుకోదు! ఆ పరీక్ష నమ్ముకుని మోసపోయిన ఇళ్లు ఎన్నో ఉండే ఉంటాయి. మందుల కంపెనీలకు పనిచేసే షెడ్డులో మాత్రం రేకుతో పాటు మిల్లు పరీక్ష కాగితం రావడం మామూలే. చూపించమంటే ఎవరూ నొచ్చుకోరు. గేట్లు, గ్రిల్లులు చేసే చోటా, స్టీలు పాత్రలు చేసే చోటా ఒకే గ్రైండింగ్ చక్రం తిరుగుతుంటే మామూలు ఇనుము రజను స్టీలులో గుచ్చుకుని, ఇంటికొచ్చిన నెలకే ఎర్రటి చుక్కలు తేలతాయి. అప్పుడు తప్పు స్టీలుదంటాం. అలాగే గట్టు బిగించాక కింద టైల్సు మీద సిమెంటు మరకలు పోవాలని యాసిడ్‌తో కడిగిస్తారు. ఆ హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరి చాలు, మంచి 304 రేకును కూడా మచ్చలు చేయడానికి. ఇంటి పనుల వరసలో యాసిడ్ కడుగు ముందు, లోహపు గట్టు చివర అని రాసిపెట్టుకోవాలి.

గ్రానైట్ ఉండగా ఇదంతా ఎందుకన్నది బలమైన అభ్యంతరం, దాన్ని తేలిగ్గా తీసేయను. కరీంనగర్ టాన్ బ్రౌన్, చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ ప్రపంచమంతా వెళ్లే రాళ్లు. మనకు అవి పెరటి చెట్టు. ధర తక్కువ, కత్తి గీత పడదు, వేడి గిన్నె దించినా చలించదు. లోహం మీద గీతలు పడతాయి, పడి తీరతాయి. అయితే గ్రానైట్ గట్టు ఎక్కడ ఓడుతుందో వంట చేసేవారికి తెలుసు: సింకు చుట్టూ. రాయికీ సింకుకూ మధ్య పూసిన సిలికాన్ నల్లబడుతుంది, ఊడుతుంది, నీరు కింది చెక్క అరల్లోకి దిగుతుంది, వాసన మొదలవుతుంది. గట్టుతో పాటే అతికిన స్టీలు సింకుకు ఆ కీలే లేదు. రాయి అంచు పెచ్చు లేస్తే అతకలేం. లోహం నొక్కు పడితే కొట్టి తీయవచ్చు, చిల్లి పడితే బిందెకు వేసినట్టు మాటు వేయవచ్చు. మెరుగు పెట్టని గీతల ఫినిషు ఎంచుకుంటే కొత్త గీతలు పాతవాటిలో కలిసిపోతాయి. క్వార్ట్‌జ్ పేరుతో వచ్చే కృత్రిమ రాయి సంగతి వేరు. దాన్ని కోసేటప్పుడు లేచే సిలికా ధూళి పనివాళ్ల ఊపిరితిత్తులను తినేస్తోందని ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి దాన్ని నిషేధించింది. గ్రానైట్ ధూళిలోనూ సిలికా ఉంది, తక్కువ పాళ్లలో.

ఉన్న ఇంటిని మార్చుకునేవారికి ఇంకో వెసులుబాటుంది. గ్రానైట్ పగలగొట్టక్కర్లేదు. 20 మిల్లీమీటర్ల గ్రానైట్ పలక చదరపు మీటరుకు 54 కిలోల దాకా తూగుతుంది; 16 గేజ్, అంటే సుమారు 1.6 మిల్లీమీటర్ల స్టీలు రేకు 13 కిలోలు దాటదు. పాత రాయి గట్టిగా, సమంగా ఉంటే దాని మీదే పలచటి ప్లైవుడ్ పరిచి, జిగురు ఎక్కడా ఖాళీ వదలకుండా పట్టించి రేకు తొడిగించవచ్చు. గిన్నె పెడితే డబ్బా మోగినట్టు మోగుతుందన్న ఫిర్యాదు రేకుకూ అడుగుకూ మధ్య గాలి మిగిలినప్పుడే వస్తుంది. కింద రాయి ఉంటే ఆ మోత రాయే మింగుతుంది. రేకు సాధారణంగా ఎనిమిదడుగులకు నాలుగడుగులు. గట్టు అంతకంటే పొడుగైతే అతుకు ఎక్కడ రావాలో, ఆ ముక్క మెట్ల మలుపులో తిరుగుతుందో లేదో ముందే కొలుచుకోవాలి.

చిన్న షెడ్డువాళ్లను నమ్మేదెలా, వాళ్లు వారంటీ ఇస్తారా అంటారు. షోరూం ఇచ్చే కాగితం కంటే మరమ్మతుకు పిలిస్తే వచ్చే మనిషి విలువైనవాడని నేననుకుంటాను. అయినా రేకు రకం, మందం, రాడ్డు రకం బిల్లు మీద రాయించుకోవడంలో తప్పులేదు. 304కి 308ఎల్ రాడ్డు వాడతారు. ఆ మాట మీరు అడిగితే అవతలి మనిషి మీ పనిని ఇంకొంచెం జాగ్రత్తగా పట్టుకుంటాడు. ఇంకో బాధ్యతా ఉంది, ఈ ప్రాంతంవాళ్లం కనుక అది మనది. అతుకు చుట్టూ ఏర్పడే ఇంద్రధనుస్సు రంగు మరకను ఆమ్లపు పేస్టుతో తీస్తారు, తీయాలి కూడా. లేకపోతే తుప్పు అక్కడే మొదలవుతుంది. ఆ కడిగిన నీళ్లు ఎటు పోతున్నాయి? పరిశ్రమల వ్యర్థాలతో నక్కవాగు ఏమైపోయిందో, అది మంజీరలో ఎలా కలిసిందో, 1990లో ఆ గోడు సుప్రీంకోర్టు దాకా ఎలా వెళ్లిందో పటాన్‌చెరు మరచిపోలేదు. వెల్డింగ్ పొగ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో తేల్చింది. పొగ లాగే పైపు, వెల్డర్ ముఖానికి సరైన మాస్కు ఉన్న షెడ్డుకే పని ఇవ్వండి, ధర కొంచెం ఎక్కువైనా సరే. లోహం రాయికంటే శుభ్రమైనదని మనం చెప్పుకోవాలంటే ఆ శుభ్రత మన వంటింటి దగ్గర మొదలైతే చాలదు.

ఒప్పందం కుదుర్చుకునే ముందు ఒక్క మాట అడగండి: ప్లైవుడ్ అతికించకముందు నాకు ఫోన్ చేయండి, వచ్చి చూస్తాను అని. వెళ్లినప్పుడు పైమెరుపు చూడొద్దు, ఇద్దరు పట్టుకుని గట్టును తిరగేయమనండి. సింకు మూల దగ్గర వెనకవైపు అతుకు మీద వేలు పెట్టి రాయండి. అక్కడ నల్లటి గడ్డలు తగిలితే ఆ రేకును ఇంటికి తెచ్చుకోకండి.